పట్టెడన్నమా? గుప్పెడు పొడియా?

అన్నం పరబ్రహ్మ స్వరూపమని తెలుగునాట పెద్దలు చెబుతారు. నేలపై పడిన రొట్టెముక్కను తీసి, కళ్లకద్దుకొని, కాళ్ల క్రింద పడని చోట పెట్టే అలవాటు మన ముస్లిం గృహాలలో నేటికీ ఉన్నది. ఒకరు దానిని అన్నపూర్ణ ప్రసాదమంటారు. మరొకరు రిజ్క్ అంటారు. పేర్లు వేరైనను భావమొక్కటే. మనిషి నోటికందే ముద్ద వెనుక నేల, నీరు, రైతు చెమట, వండినవారి శ్రమ, పైవాని దయ ఉన్నవన్నదే ఆ భావము. ఇట్టి దేశంలో నేడు ఒక క్రొత్త మాట వినవస్తున్నది. వండుట, వడ్డించుట, కూర్చుండి తినుట వట్టి కాలహరణమట! శరీరానికి కావలసిన పోషక పదార్థాలన్నియు ఒక డబ్బాలో ఉన్నవట. రెండు చెంచాల పొడిని నీటిలోనో పాలలోనో కలుపుకొని త్రాగితే పూట గడచిపోతుందట!

ఈ మాట మన విద్యార్థిలోకంలోకి కూడ ప్రవేశించినది. ఉదయం బస్సు అందుకోవలసిన విద్యార్థి ఒక గ్లాసు పానీయం త్రాగి ఫలహారమైనదని అనుకొంటున్నాడు. సన్నబడదలచిన విద్యార్థిని రాత్రి భోజనం మాని ‘షేక్’ అనే దానితో సరిపెట్టుకొంటున్నది. వ్యాయామశాలకు పోయే యువకుడు ఇంటి ఖర్చులో కోత పెట్టి అయినా సరే ప్రొటీను డబ్బా కొంటున్నాడు. పరీక్షల కాలంలో తల్లిదండ్రులే బిడ్డకు జ్ఞాపకశక్తి పెరుగుతుందని నమ్మి ఖరీదైన పొడులు తెచ్చి పెడుతున్నారు. కనుక ఈ విషయాన్ని ఫ్యాషను అని నవ్వి త్రోసిపుచ్చక, నిదానంగా విచారించుట అవసరమని భావించి ఈ వ్యాసమునకు పూనుకొన్నాము.

మా అభిప్రాయము మొదటనే చెబుతాము. పొడి ఆహారము కొన్ని సందర్భాలలో ప్రాణాలు నిలిపినది; ఆ గౌరవము దానికి దక్కవలసినదే. కాని ఆరోగ్యంగా ఉన్న మనిషి నిత్యభోజనానికి అది ప్రత్యామ్నాయము కాజాలదు. ముఖ్యంగా మనవంటి సామాన్య కుటుంబాల పిల్లలకు అది ఖర్చెక్కువ, ఫలము తక్కువ అయిన బేరము.

భోజనాన్ని రద్దు చేయాలన్న కోరిక నిన్న మొన్నటిది కాదు. 1894లో ఫ్రాన్సు దేశపు ప్రఖ్యాత రసాయన శాస్త్రజ్ఞుడు మార్సెలిన్ బెర్తెలో, 2000 సంవత్సరం నాటికి మానవుడు పొలాలతో పని లేకుండా రసాయనశాలలో తయారైన ఆహారంతోనే జీవిస్తాడని, ప్రతి వ్యక్తియు తన పోషక మాత్రలను వెంట తీసుకొని పోతాడని జోస్యం చెప్పినాడు. ఆయన ఆ మాటలు పలికినది రసాయన పరిశ్రమాధిపతుల విందులో అన్నది గమనింపదగిన విషయము! 2000 సంవత్సరం వచ్చినది, పోయినది. పొలాలు అట్లే ఉన్నవి. విందులును అట్లే ఉన్నవి.

ఇంగ్లండు నుండి అమెరికా వలస పోయిన హార్లిక్ సోదరులు 1873లో వ్యాపారం ప్రారంభించి, 1883లో మాల్టు కలిపిన పాలపొడికి పేటెంటు పొందినారు. పసిపిల్లలకును రోగులకును ఉద్దేశింపబడిన ఆ పొడి కాలక్రమాన ఆరోగ్యవంతుల ఇండ్లలోనికి వచ్చినది. మన దేశంలో అది మధ్యతరగతి గృహానికి ఒక హోదా చిహ్నమే అయినది. గోదావరి తీరాన ధవళేశ్వరంలో దానికి కర్మాగారం కూడ వెలసినది. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడబోయేటప్పుడు ఒక సీసా చేత పట్టుకొని పోవుట మన మర్యాదలలో ఒకటిగా మారినది.

ఇక భోజనం పూర్తిగా మానివేయవచ్చునన్న వాదము 2013లో అమెరికాలో గట్టిగా వినిపించినది. రాబ్ రైన్‌హార్ట్ అనే యువ ఇంజనీరు, తిండికి డబ్బును కాలమును వ్యర్థమగుచున్నవని తలచి, పోషక పదార్థాలను విడివిడిగా కొని, కలిపి, త్రాగి బ్రదికినాడు. దానికి ‘సాయిలెంట్’ అని పేరు పెట్టినాడు. ప్రజల నుండి ముందుగానే పది లక్షల డాలర్లకు మించి సొమ్ము వచ్చి పడినది. ఆ పేరు హ్యారీ హారిసన్ 1966లో వ్రాసిన ఒక నవల నుండి గ్రహించినది. జనాభా పెరిగి, తిండి కరవైపోయిన భయంకర భవిష్యత్తును చిత్రించిన నవల అది. ఆకలి లోకంలో గతిలేనివారి తిండికి పెట్టిన పేరును, అన్నియు ఉన్నవారు కోరి తెచ్చుకొనుట ఈ కాలపు వింత. 2016లో కొందరు వినియోగదారులకు వాంతులు మొదలగు బాధలు కలుగగా ఆ సంస్థ తన బార్లను వెనుకకు పిలిపించి, పొడి అమ్మకమును కూడ కొంతకాలము ఆపివేసినది.

ఇంత మాత్రాన పొడి ఆహారమంతయు చెడ్డదని మేము అనము. అట్లనుట అన్యాయము. తీవ్రమైన పోషకాహార లోపంతో ఎముకల గూడైపోయిన బిడ్డకు మామూలు అన్నము జీర్ణము కాదు. అటువంటి పిల్లల కొరకు 1996లో ఫ్రాన్సుకు చెందిన ఆంద్రే బ్రియాన్, మిషెల్ లెస్కాన్ అనువారు వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమినులు కలిపి ఒక పొట్లము రూపొందించినారు. 92 గ్రాముల పొట్లము, 500 కేలరీలు. నీరు కలుపనక్కర లేదు, వండనక్కర లేదు. ఆఫ్రికా దేశాలలో అది అసంఖ్యాకమైన పిల్లలను మృత్యుముఖము నుండి తప్పించినది. అయితే అది కొన్ని వారాల చికిత్స. బిడ్డ కోలుకొన్న పిదప ఇంటి తిండికే మరలవలెను.

బ్రిటనులో డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు 2017లో వెలువడినవి. అధిక బరువుతో మధుమేహము వచ్చినవారికి మూడు నుండి ఐదు నెలలు దినమునకు సుమారు 850 కేలరీల పానీయాలు మాత్రమే ఇచ్చినారు. ఏడాది గడిచేసరికి నూటికి 46 మందిలో మందులు లేకుండానే వ్యాధి అణగియున్నది. మామూలు వైద్యము పొందినవారిలో అట్టివారు నూటికి 4గురే. ఇది చిన్న విజయము కాదు. కాని వీరందరును శిక్షణ పొందిన నర్సుల లేదా ఆహార నిపుణుల పర్యవేక్షణలో ఉన్నారు. పానీయాల దశ ముగిసిన వెంటనే వారికి క్రమక్రమంగా మరల భోజనం నేర్పినారు. రెండవ ఏడు ముగిసేసరికి ఆ 46 కాస్తా 36 అయినది. అనగా పానీయము దారి చూపినది. దారిలో నిలబెట్టవలసినది మాత్రము దినదిన భోజనమే. వైద్యుని చేతిలోని ఈ సాధనమును అంగడిలో కొని ఎవరికి వారు ప్రయోగించుకొనుట వేరు సంగతి.

మన పూర్వులకును పొడి తెలియనిది కాదు. అరబ్బు ప్రయాణికులు వేయించిన యవల పిండిని సవీక్ అని వెంట తీసుకొని పోయెడివారు. బీహారు కూలీ సత్తు కలుపుకొని త్రాగుతాడు. మనకు పేలపిండి ఉన్నది, రాగి జావ ఉన్నది, జొన్న అంబలి ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పిల్లల కొరకు రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ కూడ పొడియే. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగలు 10, బెల్లము 20 కలిపితే 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు లభిస్తవి. ఇందులో మన ఇంటిలో లేని వస్తువేది? వేయించి విసరుకొంటే ఏ తల్లియైనను చేసుకోగలదు. ఈ పొడులన్నియు ప్రయాణములో, పొలము పనిలో, పసిబిడ్డ ఎదుగుదలలో భోజనానికి తోడుగా నిలిచినవి. భోజనాన్ని తొలగించి దాని పీటపై తాము కూర్చుండలేదు.

ఇక శాస్త్రము మాట. నేటి ప్రకటనలన్నింటిలోను వినిపించే మంత్రము ప్రొటీను. దీనికొక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో మన హైదరాబాదుకు గొప్ప స్థానమున్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు ప్రారంభించిన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందినది. ప్రపంచంలోని పేదపిల్లల జబ్బులన్నింటికిని మాంసకృత్తుల కొరతయే మూలమని, ప్రొటీను పొడులు పంచితే సమస్య తీరునని పాశ్చాత్య నిపుణులు బలంగా నమ్మిన రోజులలో, ఆ సంస్థ డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు మన పిల్లలు నిజముగా ఏమి తింటున్నారో పరిశీలించినారు. ప్రధానమైన లోటు మొత్తము ఆహారానిదేనని, అలవాటైన ఆ తిండినే కడుపునిండా పెట్టగలిగితే మాంసకృత్తుల లోటు చాలావరకు దానంతట అదే తీరునని వారు చూపినారు. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ ‘లాన్సెట్’ వైద్య పత్రికలో, ప్రొటీను కొరత పేర జరిగిన ప్రయత్నమంతయు ఒక పెద్ద వైఫల్యమని వ్రాసినాడు. తార్నాకలో అర్ధశతాబ్దికి పూర్వమే తేలిన సత్యమును మనమింకను డబ్బాల మీది బొమ్మలు చూచి మరచిపోవుట విచారకరము.

భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారము పెద్దవారికి శరీరపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలును. 60 కిలోల యువకునికి ఇది 50 గ్రాములు. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల వేయించిన శనగలలో 6, అంతే తూకము వేరుశనగ పలుకులలో 7, ఒక గ్లాసు పాలలో 6 గ్రాములు ఉంటవి. మొత్తము 25. ఖరీదైన డబ్బాలోని ఒక గరిటె పొడి ఇచ్చేది కూడ దాదాపు ఇంతే! మిగిలిన సగము అన్నము, పప్పు, రొట్టె, కూరల వలన సునాయాసంగా వచ్చును. బియ్యములో కొరతగా ఉండే లైసీను అనే అంశము పప్పులలో పుష్కలంగా ఉన్నది. పప్పులలో తక్కువైన మెథియోనీను బియ్యములో ఉన్నది. కనుకనే పప్పన్నము గాని, మన హైదరాబాదు ఇండ్లలో ఉదయపు వేళ ఖట్టాతో తినే కిచిడీ గాని శాస్త్రసమ్మతమైన జోడీలు. రసాయన శాస్త్రము చదువని మన నానమ్మలకు, దాదీమాలకు ఈ రహస్యము చేతివాటముగా తెలియును. 2024 మే నెలలో జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన ఆహార మార్గదర్శకాలు కూడ, కండలు పెంచుటకు ప్రొటీను పొడులు వాడవద్దని, మంచి ఆహార పదార్థాల కలయికతోనే మాంసకృత్తులు పొందవలెనని స్పష్టంగా చెప్పినవి.

పోషకములను ఆహారము నుండి విడదీసి ఇచ్చినచో ఫలితము ఒక్కటేనా? కాదనుటకు నిదర్శనములున్నవి. పండ్లు, కూరగాయలు తినేవారిలో క్యాన్సరు తక్కువగా ఉండుట గమనించి, వాటిలోని బీటా కెరోటిన్‌ను మాత్రలుగా ఫిన్లండు దేశములో పొగత్రాగేవారికి ఇచ్చి చూచినారు. ఆ పరిశోధనలో 29,133 మంది పాల్గొన్నారు. 1994లో ఫలితము వెలువడినది. మాత్రలు మ్రింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారుగా నూటికి 18 వంతులు ఎక్కువైనది! అంతకు పూర్వము 1977 ప్రాంతమున అమెరికాలో సన్నబడుటకై ద్రవరూప ప్రొటీను మాత్రమే త్రాగి జీవించినవారిలో యాభై మందికి పైగా మరణించినారు. చాలామంది గుండె లయ తప్పి కూలిపోయినారు. నేటి పొడులు నాటి వానికంటె మెరుగైనవే, సందేహము లేదు. అయినను కేవలము మనకు తెలిసిన పోషకములను మాత్రమే డబ్బాలో పోయగలమన్న వివేకము అవసరము. క్యారెట్టులో బీటా కెరోటిన్ ఒక్కటే లేదు. పాలకూరలో ఇనుము ఒక్కటే లేదు.

మాటల మాయను గూర్చియు ఒక మాట. ఏళ్ల తరబడి మనము ‘ఆరోగ్య పానీయము’ అని పిలిచిన వస్తువులకు చట్టములో అట్టి వర్గమే లేదని 2024 ఏప్రిల్‌లో తేటతెల్లమైనది. ఆ వర్గము నుండి ఇటువంటి పానీయాలను తొలగింపుమని కేంద్ర వాణిజ్య శాఖ ఇంటర్నెట్ ద్వారా అమ్మే సంస్థలకు సూచించినది. ఒక ప్రసిద్ధ సంస్థ తన డబ్బాల వర్గము పేరే మార్చుకొన్నది. పేరు మారినది, పొడి మారలేదు. పాలలో కలుపుకొని త్రాగే పొడుల విషయములో మనకు బలమిచ్చేది చాలావరకు పాలేనన్న సంగతిని డబ్బాపైని చిన్న అక్షరములు చదివినవారు తెలిసికొందురు. ఎంత చక్కెర ఉన్నదో కూడ అక్కడే ఉండును. ఆంగ్లములో పెద్ద పెద్ద పాఠ్యగ్రంథములు చదివే మనము ఆ నాలుగు పంక్తులు చదువలేమా?

ఇంతవరకు శరీరపు లెక్క. దానికి మించిన లెక్క మరొకటి కలదు. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానము ఒక చారిత్రాత్మకమైన ఉత్తర్వు ఇచ్చినది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలలోని ప్రతి బిడ్డకును, కనీసము 300 కేలరీలు, 8 నుండి 12 గ్రాముల మాంసకృత్తులు గల వండిన భోజనము మధ్యాహ్నము పెట్టవలెనని ఆదేశించినది. అంతకు మునుపు అనేక రాష్ట్రాలలో పొడి ధాన్యము కొలిచి ఇంటికి పంపెడివారు. మన రాష్ట్రములో 2003 జనవరిలో వండిన భోజనము ప్రారంభమైనది. 2008 ప్రాంతమున ఈ అన్నము స్థానే బిస్కట్ల పొట్లములు ఇవ్వవచ్చునన్న ప్రతిపాదన వచ్చినది. పొట్లములోను కేలరీలున్నవి, విటమినులున్నవి, పంచుట సులభము. అయినను విద్యాశాఖ అంగీకరింపలేదు. ఆకలిగొన్న బిడ్డకు కావలసినది వేడి అన్నమేనన్న మాట నిలిచినది. తెలంగాణలో మూడేండ్లలోపు పసివారికి బాలామృతము అనే పొడి పంచుచునే, గర్భిణులకు, బాలింతలకు 2015లో ఆరోగ్యలక్ష్మి పేర అంగన్‌వాడీలో అన్నము, పప్పు, కూర, గుడ్డు, పాలతో ఒక పూట నిండు భోజనము ఏర్పాటు చేసినారు. ఇంటికి పంపిన పొట్లము ఎంతమంది నోళ్లకు పంచబడునో చెప్పలేము. కూర్చోబెట్టి వడ్డించిన కంచము ఆ తల్లిదే.

ఆ బడి భోజనములో మరొక గుణమున్నది. ఒకే వరుసలో అన్ని కులముల, అన్ని మతముల పిల్లలు కూర్చుండి ఒకే వంట తింటారు. ఒక దస్తర్‌ఖాను చుట్టు ఒక్క తబక్కులో నలుగురు చేయి పెట్టుటలోను, పంక్తి భోజనములోను, గురుద్వారా లంగరులోను ఉన్న పాఠము ఇదే. చివరికి మనము పొడిచేసి తినే మలీద కూడ, మొహర్రములో పీర్ల వద్దనైనను సద్దుల బతుకమ్మనాడైనను, పదిమందికి పంచిన పిదపనే నోట పడును. షేకు గ్లాసును ఎవరితో పంచుకొందుము?

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. భోజనము గొప్పదే, కాని వండేదెవరు? ఉదయం నాలుగు గంటలకు లేచి పొయ్యి వద్ద నిలబడే తల్లి, అక్క, వదిన కష్టమును ఈ పొడి కొంత తగ్గించుచున్నది గదా అని కొందరు విద్యార్థినులు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనది. భోజన మహిమను పొగడుచు వంటింటి చాకిరిని ఒక్కరి నెత్తిన వేయుట మాకు సమ్మతము కాదు. అయితే ఆ కష్టమునకు విరుగుడు కష్టమును పంచుకొనుట. సోదరులారా! కోడిగుడ్డు ఉడికించుటకు, శనగలు నానవేయుటకు, కిచిడీ ఎక్కించుటకు పట్టభద్రులము కానక్కరలేదు. ప్రొటీను డబ్బా కలుపుటకు వ్యయపరచే నేర్పులో సగము చాలును. ఇంటి మగపిల్లలు వారమునకు రెండు పూటలు వంటకు పూనుకొన్ననాడు, పొడి తగ్గించే శ్రమకంటె ఎక్కువ శ్రమ తగ్గును.

మన కళాశాలల సంగతికి వత్తము. దూర గ్రామాల నుండి ఖాళీ కడుపుతో వచ్చే విద్యార్థులకు ఉపన్యాసములు చెప్పి లాభము లేదు. వారికి అందుబాటు ధరలో తిండి ఉండవలెను. కళాశాల క్యాంటీనులలో ఉదయము పూట ఉడికించిన శనగలు, గుడ్లు, రాగి జావ, పల్లీల చిక్కీ లభించునట్లు యాజమాన్యములు చూడవలెను. మొదటి గంటకు, రెండవ గంటకు నడుమ పదిహేను నిమిషముల విరామము ఇవ్వవలెను. క్రీడోత్సవములకు, వార్షికోత్సవములకు పొడుల వ్యాపారుల నుండి బహుమతులు స్వీకరించి వారి ప్రకటనలు ఆవరణలో కట్టుట మానవలెను. గృహవిజ్ఞాన, రసాయన శాస్త్ర విద్యార్థులు బజారులోని డబ్బాల లేబిళ్లను చదివి, తెలుగులోను ఉర్దూలోను తర్జుమా చేసి గోడపత్రికపై పెట్టవలెను. ఇవేవియు కోట్లతో కూడిన పనులు కావు.

జబ్బు పడినవారు వైద్యుడు చెప్పినంతకాలము ఆ పానీయములు నిరభ్యంతరంగా త్రాగుదురు గాక. వారికి అది మందు. ఆరోగ్యవంతులైన యువతీ యువకులకు మా మనవి వేరు. చదువు ముగిసి, నౌకరీలు దొరికి, మీలో ఎందరో హైదరాబాదు హైటెక్ సిటీకి, దుబాయికి, అమెరికాకు పోదురు. అక్కడ కాలము ఇంకను కరవు. ఒంటరి గదిలో ఒక డబ్బా, ఒక గ్లాసు మిమ్ములను పిలుచుచుండును. ఆనాడు బియ్యము, పప్పు కలిపి పొయ్యిపై పెట్టుటకు ఇరువది నిమిషములు చాలునన్న సంగతి మరువకుడు. ప్రక్క గదిలోని వానిని కూడ పిలువుడు. వానికిని ఆకలి వేయుచుండును.